సెన్సర్‌కు వేసిన ముడి

షోరూమ్ వాళ్ళ దొంగతనం బయటపెట్టడానికి అంబదాస్ జేబులో మూరెడు ఎర్ర దారం వేసుకుని బయల్దేరాడు.

అతని కారులో నాలుగు రోజులుగా ఇంజిన్ బొమ్మ లైటు ఆరకుండా వెలుగుతోంది. ఆల్థాన్‌లోని షోరూమ్‌లో చూపిస్తే, గాలి గొట్టం మీది సెన్సర్ పోయింది, మార్చాలి, పద్దెనిమిది వేలు అన్నారు. అంబదాస్‌కు ఒళ్ళు మండింది. తెలుగునేల నుంచి వలస వచ్చి, కడోదరాలో ముప్ఫై ఏళ్ళుగా మరమగ్గాలు బాగుచేస్తున్న మనిషి. మర చప్పుడు వింటే చాలు, దాని రోగమేమిటో చెప్పేస్తాడు. కారు వెన్నలా సాగిపోతుంటే దానికి రోగమెక్కడిది? పైగా ఆ పద్దెనిమిది వేలు కూతురు రుచిత కాలేజీ ఫీజుకని దాచినవి.

పాత సెన్సర్‌నే ఉన్నచోట తుడిచి వదిలేసి, కొత్తదని చెప్పి డబ్బు గుంజుతారని అతని అనుమానం. అనుమానమేమిటి, ఖాయమే అనుకున్నాడు.

"ఎందుకు లొల్లి? మన గల్లీల మిస్త్రీకి చూపియ్యరాదా?" అంది భార్య భాగీరథి.

"ఏ మిస్త్రీ వద్దు. వాళ్ళను అందరి ముంగట పట్టిస్త, నువ్వు జర చూస్తుండు."

కారు అప్పగించే ముందు బానెట్ ఎత్తి, సెన్సర్‌నూ గొట్టాన్నీ కలిపి దారం చుట్టి నేతముడి వేశాడు. పోగు తెగినప్పుడు మగ్గం మీద వేసే ముడి అది. వేలితో తడిమినా తగలదు. సెన్సర్ బయటికి రావాలంటే దారం తెంపాల్సిందే. తెంపాక మళ్ళీ అలా కట్టడం షోరూమ్ వాళ్ళ తాతల తరం కూడా కాదు.

రెండో రోజు వెళ్ళేసరికి లైటు ఆరిపోయి ఉంది, బిల్లు తయారుగా ఉంది. మేనేజర్ ఒక డబ్బాలో పాత సెన్సర్ పెట్టి చూపించాడు. అది ఏ కారుదో ఎవడికి తెలుసు! అంబదాస్ బానెట్ ఎత్తమన్నాడు.

ఎర్ర దారం ఎక్కడిదక్కడే ఉంది. ముడి చెక్కు చెదరలేదు. సెన్సర్ తళతళలాడుతోంది గానీ, కిరోసిన్ గుడ్డతో రుద్దితే ఏదైనా తళతళలాడుతుంది.

ఇక చూడాలి అంబదాస్ సంబరం. గొంతెత్తి హిందీలో వాయించి పారేశాడు. దారం ఎలా కట్టాడో, ముడి ఎలా వేశాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. కార్లు కొనడానికి వచ్చినవాళ్ళంతా చుట్టూ చేరి ఫోన్లలో వీడియో తీయసాగారు. మేనేజర్ ముందు బుకాయించాడు. తర్వాత దారాన్ని లాగి చూశాడు. ఆఖరికి చేతులు జోడించి, బిల్లు చింపేశాడు. పని చేసిన మెకానిక్ భోజనానికి వెళ్ళాడట. రాగానే వాణ్ణి ఉద్యోగంలోంచి పీకేస్తానని, సెన్సర్ డబ్బంతా వాడికి రావాల్సిన జీతంలో కోస్తానని అందరి ముందూ మాటిచ్చాడు. అలా చేస్తేనే బుద్ధొస్తుందని అంబదాస్ కూడా గట్టిగా వత్తాసు పలికాడు.

మీసం మెలేసుకుంటూ కారెక్కి, ఫీజు డబ్బులు దక్కినయని భాగీరథికి ఫోన్ చేసి చెప్పి, గేటు దాకా వచ్చాడు. అక్కడ ఒకతను టిఫిన్ డబ్బాతో ఎదురయ్యాడు. చొక్కా మీద సోమలింగం అని పేరు కుట్టి ఉంది. కారును చూడగానే అతని మొహం విప్పారింది. కిటికీ దగ్గర వంగి తెలుగులోనే పలకరించాడు.

"ఈ బండి నీదేనా అన్నా? ముడి చూసినప్పుడే మనోళ్ళదని సమజైంది. మా నాయిన గూడ మగ్గాల మీదనే చేసిండు."

"ఏం ముడి?" అన్నాడు అంబదాస్.

"పాత సెన్సర్‌కున్న ఎర్ర దారం అన్నా. దేవుని దారమాయె, తెంపబుద్ధి గాలె. సూదితోని మెల్లగ ఇప్పి, కొత్తదానికి గట్లనే కట్టిన. ముడి మంచిగ పడ్డదా?"