ఉప్పు తగ్గించిన పప్పు

“ఆగు. నేను బయటున్న,” అంది దేవవ్వ, చాప తెచ్చి అరుగు మీద పరుచుకుంటూ.

కిష్టయ్య ఒక కాలికి చెప్పు తొడిగి, రెండోది తొడగబోతూ ఆగిపోయాడు. మెడలో కండువా ఉంది. సిరిసిల్ల చౌరస్తాలో హైదరాబాదు సభకు పోయే లారీ నిలబడి ఉంది.

“గిప్పుడే కావాల్నా?”

“గది మనల నడిగి అస్తదా? నాలుగొద్దులు పొయ్యి ముట్ట. బిడ్డను పిలుద్దామంటే సమ్మెల బస్సులు లెవ్వు, కోరుట్ల నుంచి ఎట్ల అస్తది? నడుము ఇరిగిపోతంది నాకు.”

ఆ ఇంట్లో బయటున్న మనిషి వంటింటి గడప దాటదు. అది అత్త పెట్టిన నియమం. అత్త పోయినా నియమం పోలేదు. ఆ రోజుల్లో కూతురు సంగీత వండేది. సంగీత పెళ్లయి వెళ్లాక ఎవరు వండుతున్నారో కిష్టయ్య ఎన్నడూ అడగలేదు. రాత్రంతా మరమగ్గాల మీద, పగలంతా నిద్రలో ఉండే మనిషికి కంచంలోకి అన్నం వస్తే చాలు, అది ఎట్లా వచ్చిందన్న చింత లేదు.

వెళ్లాల్సింది సభకే అయితే ఆగడం పెద్ద మాట కాదు. కానీ కిష్టయ్య తిరిగొచ్చే మనిషిగా బయల్దేరలేదు. పక్క మగ్గం మీద పనిచేసే జలపతి, తెలంగాణ రాదేమోనన్న దిగులుతో ప్రాణం తీసుకున్నాడు. ఆనాటి నుంచి కిష్టయ్యకు ఏడుపు రాలేదు. ఆకలీ తెలియలేదు. జలపతి పోయిన తోవనే, హైదరాబాదులో అందరి ముందూ పోవాలని మనసులో ఖాయం చేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

అయినా లారీ ఇంకోటి దొరుకుతుంది. నొప్పితో ఉన్న మనిషిని ఆకలితో వదిలిపోవడం మాత్రం చేతకాలేదు. చెప్పు విప్పి పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

“గంత పసుపేంది? గడపకు రాస్తున్నవా?” అరుగు మీది నుంచే అరిచింది దేవవ్వ. మళ్లీ తనే అంది. “నిన్న మార్కండేయులు సేటు పెండ్లాం కలిసింది. పని ఇడిసినవట గదా?”

“ఊఁ.”

“నీ జాగల ఇంకొకన్ని పెట్టుకొమ్మన్నవట.”

“ఊఁ.”

“పప్పు పొంగుతంది, సూడు,” అంది ఆమె.

అన్నం రెండు ముద్దలు తిని దేవవ్వ మెలికలు తిరిగిపోతుంటే, కిష్టయ్య నర్సు ఊర్మిల దగ్గరికి పోయాడు.

“గోలీలియ్యి బిడ్డా. మీ అత్తకు కడుపునొప్పి. బయటుంది.”

“ఇస్త గని మామా, అత్త ఏం తింటది?”

“ఏముంటది? తొక్కు మెతుకులు, నాలుగైదు చాయ్‌లు.”

“గవ్వి తగ్గియ్యి. ఉప్పు ఎక్కువైతే ఒళ్లు ఉబ్బరిస్తది. తోటకూర, పాలకూర పెట్టు. నువ్వులు, బెల్లం దంచి ముద్దలు కట్టు. చాయ్ బదులు వేడి వేడి ఓమ నీళ్లియ్యి. అందరికి ఒక్కతీరుగ పనిచెయ్యది, అయినా చేసి సూడు.”

కిష్టయ్య అన్నీ చేశాడు. చేతులు చేస్తున్నాయి, మనసు మొద్దుబారే ఉంది. నువ్వులు దంచుతున్నా, కూర తరుగుతున్నా ఎవరో ఇంకొకడు చేస్తున్నట్టే ఉంది అతనికి.

రైల్ రోకో నాడు మళ్లీ కండువా వేసుకున్నాడు. మళ్లీ అరుగు మీద చాప పడింది.

“మొన్ననే గదా అయింది?”

“నన్నడిగితే ఏం జెప్పాలె?” అని గోడవైపు తిరిగి పడుకుంది దేవవ్వ.

ఊర్మిలను అడిగితే నవ్వింది. “యాభైకి దగ్గరవడ్డది గదా మామా. ఈ ఈడుల ఒకసారి జల్ది అస్తది, ఒకసారి లేటయితది. గని ప్రతిసారి గింత నొప్పా? ఒక్కసారి తోలుకరా, సూస్త.”

“రమ్మంటే సిగ్గంటది.”

ఆ రోజూ లారీ పోయింది. కిష్టయ్య ఈసారి పప్పులో ఉప్పు ఇంకా తగ్గించాడు. ఓమ నీళ్లు మరిగించాడు. నొప్పి తగ్గిందా అని అడిగితే, “జెర తగ్గింది. రేపు గూడ ఇట్లనే వండు,” అనేది దేవవ్వ. మగనితో వండించుకుంటోందని వాడకట్టు ఆడవాళ్లు నవ్వితే నవ్వనీ అన్నట్టుండేది.

దసరా పోయాక ఓ సాయంత్రం ఉద్యమ దీక్షా శిబిరం నుంచి బాలరాజు వచ్చాడు. అప్పటికి రెండు రోజులుగా దేవవ్వ అరుగు మీదే ఉంది.

“కిష్టన్నా, రేపు కరీంనగర్ల ఊరేగింపు. లారీల నీకు జాగ ఉంచినం.”

కిష్టయ్య తోటకూర పప్పు చెంచాతో తీసి నోట్లో వేసుకున్నాడు. ఉప్పు తక్కువైందని నాలుకకు తెలిసింది. జలపతి పోయాక అతనికి ఒక రుచి తెలియడం అదే మొదలు. మగ్గాల మధ్య కూర్చుని సద్ది విప్పినప్పుడల్లా జలపతి ఇదే పప్పు తన గిన్నెలోంచి లాక్కుని తినేవాడు. అది గుర్తొచ్చి కిష్టయ్య పొయ్యి ముందు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. దేవవ్వ అరుగు మీది నుంచి లేవలేదు, కొంగు మాత్రం నోటికి అడ్డం పెట్టుకుంది.

“నేను రాను బాలరాజూ,” అన్నాడు చివరికి. “మా ఇంటామెకు బాగలేదు. నేను లేకుంటే తిండి సరిగ తినది.”

మర్నాడు పొద్దున్నే మార్కండేయులు దగ్గరికి పోయి తన పని తనకిమ్మని అడిగాడు. వస్తూ వస్తూ తోటకూర కట్టలు, నువ్వులు పట్టుకొచ్చి అరుగు మీద పెట్టాడు.

“అచ్చే నెల రెండొద్దులు ముందుగాల్నే జెప్పు. అప్పటి సంది చాయ్ బంద్ పెడుత, ఉప్పు తగ్గిస్త. నొప్పెట్ల అస్తదో నేనూ సూస్త.”

“చెప్పుత,” అంది దేవవ్వ, తోటకూర ఒళ్లో వేసుకుని ఆకులు తుంచుతూ.

దేవవ్వకు నెలసరి ఆగిపోయి ఏడాదిన్నరైంది.