ట్యాంకరు వాన

మా ఊళ్లో తీసిన సీరియల్ డీవీడీలుగా వచ్చినప్పుడు, చివరి డిస్కులోని ‘తెర వెనుక’ భాగం కోసమే నేను ఆ పెట్టె కొన్నాను. కథలో కుండపోత వాన ఎలా కురిపించారో అందులో చూపించారు. పైన చిల్లుల గొట్టం, దాని వెనక నీళ్ల ట్యాంకరు. రిటైరైన సైన్సు మాస్టరుకు అంతకన్నా ఏం కావాలి?

మా ఇంటి పక్క చేను గంగక్కది. ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే వేళకు వాన లేక ఆమె వేరుశెనగ వాడిపోతోంది. ఒక రోజు చీకటి పడగానే వచ్చి టీవీ ముందు కూర్చుంది.

“ఆ వాన పెట్టు సార్. కండ్లతోనన్నా సూస్తా.”

“ట్యాంకరు చూడు గంగక్కా. అంతా ఉత్తుత్తి వానే.”

“నీ ట్యాంకరు నువ్వు సూసుకో. నేను వాన సూస్తాండా.”

డిస్కు అయిపోయింది. వాన చప్పుడు మాత్రం ఆగలేదు. స్పీకరు లోపమనుకుని టీవీ కట్టేశాను. తర్వాత ప్లగ్గు కూడా పీకాను. చీకటి గదిలో చినుకులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి, మునుపటికన్నా దగ్గరగా.

తలుపు తీశాను. ఆకాశం నిండా చుక్కలు. వాకిట్లో దుమ్ము పొడిగానే ఉంది. గంగక్క నన్ను దాటుకుని, చప్పుడు వస్తున్న తన చేనులోకి నడిచింది. నేను టార్చి పట్టుకుని దారంతా చక్రాల గుర్తుల కోసం వెతికాను. ఒక్కటీ కనిపించలేదు.

చేను మధ్యలోంచి నవ్వు వినిపించింది. టార్చి అటు తిప్పాను. జుట్టూ చీరా నీళ్లోడుతూ, చీలమండల దాకా బురదలో ఆమె నిలబడి ఉంది.

“ఇప్పుడు సూపిచ్చు సార్,” అంది, “ట్యాంకరు యాడుండాదో.”