తలుపులమ్మ పాఠం

"ఓపీ చీటీ ఉందా అని తర్వాత అడగండి. ముందు నాడి పట్టుకోండి," అన్నాడు ఉదయభాస్కర్.

కాకినాడలోని ఆ పెద్దాసుపత్రిలో క్యాజువాలిటీకి ఆయనే ఇన్‌చార్జి. ఆ ఉదయమే డ్యూటీలో చేరిన హౌస్‌సర్జన్లు పన్నెండుమంది గోడవారగా నిలబడి రాసుకుంటున్నారు. ఆక్సిజన్ సిలిండర్లూ, ఈసీజీ మిషనూ చూపించడం అయ్యాక, మూలబల్ల మీద కూర్చున్న మనిషివైపు తిరిగాడాయన.

"ఈవిడ తలుపులమ్మగారు. హార్బరు దగ్గర చేపలమ్ముతారు. గుండెనొప్పి గురించి నాకంటే ఆవిడే బాగా చెబుతారు."

తలుపులమ్మ లేచి కొంగు సర్దుకుంది. ఆరేళ్ళుగా ఏటా కొత్త డాక్టర్లకి చెబుతున్నదే.

"మా ఆయన పొద్దున్నే వల లాగొచ్చి గుండెల్లో మంటన్నాడండి. ఎడం చెయ్యి లాగేస్తందన్నాడు. ఒళ్ళంతా చెమట. రిక్షాలో ఇక్కడికే తెచ్చేను. మీలాంటి కుర్ర డాక్టరుగారే చూశారు. గ్యాసమ్మా, పర్లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంకోసారి చూడండి బాబూ అని బతిమాలేను. వెనకాల జనం ఉన్నారు, జరగమన్నారు. గేటు దాటకుండానే పడిపోయాడండి."



"ఎవరు సార్ ఆ డాక్టరు?" ముందున్న అశ్విని అడిగింది. ఆ పిల్ల గొంతులో కోపం దాగలేదు.

ఉదయభాస్కర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే. ఏటా జవాబు సిద్ధం చేసుకునే వస్తాడు. తీరా అది నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది.

"ఎవరైతే ఏంటమ్మా? మీరు మాత్రం ఆ పొరపాటు చెయ్యకండి," అన్నాడు.

పదిహేనేళ్ళ కిందట ఆ కుర్ర డాక్టరు తనే. ఆనాటి బక్కపలచటి మనిషికీ ఈ బట్టతలకీ పోలిక లేకపోబట్టి ఆమె గుర్తుపట్టలేదనుకున్నాడు. క్షమించమని అడిగే ధైర్యం చాలలేదు. కనీసం ఇంకొకరి ప్రాణం అలా పోకూడదని, ఈ సీట్లోకి వచ్చిన ఏడాదే హార్బరంతా వెతికి ఆమెను పట్టుకున్నాడు. వచ్చి చెప్పడానికి ఒప్పించాడు. ఆమె మాట విన్న పిల్లలు ఎందరి ప్రాణాలో నిలబెట్టారు. ఆ తృప్తి ఇంటికి చేరేదాకా కూడా మిగిలేది కాదు.

పిల్లలు తలోవైపూ వెళ్ళాక ఆమెను ఆటోదాకా సాగనంపాడు.

"వచ్చే ఏడు రాలేనండి బాబూ. మోకాళ్ళు పనిచెయ్యట్లేదు. మా అమ్మాయి యానాం వచ్చెయ్యమంటంది."

ఆయనకి ఒక్కసారిగా బరువు దిగినట్టనిపించింది. అలా అనిపించినందుకు ఆ వెంటనే సిగ్గూ వేసింది.

"చాలా మేలు చేశారమ్మా. మీవల్ల ఎంతమంది బతికారో!"

తలుపులమ్మ ఆటోలో సర్దుకుని కూర్చుంది. ఆయన మొహంలోకి కాసేపు చూసింది. ఆ చూపు నిండా అలసట.

"'అది నేనే' అని మీరంటారేమోనని ఇన్నేళ్ళూ వచ్చేను బాబూ."