గుమ్మెట మోత

ఆరేళ్ల కిందట సుబ్బరావమ్మ గుమ్మెట మోతను మింగేసింది రంజాన్ బేస్ బాక్సులే. బుల్లయ్యకు అందులో అనుమానం లేదు; వాటిని తన బాక్సులకు కలిపింది ఆ ఒక్కరోజే. ఆ రోజు జనం ఈలలేస్తే బుర్రకథ మధ్యలో వేదిక దిగిన ఆయన భార్య సుబ్బరావమ్మ, పోయేదాకా మళ్లీ గుమ్మెట పట్టలేదు.

"వాటిని నా పెద్ద బాక్సులతో కలపొద్దన్నానా?" రేపటి కథకు బాక్సులు సర్దుతున్న రంజాన్‌ను అడిగాడు.

"ఒక్కసారి కొట్టు బాబాయ్," మైకు పెడుతూ అన్నాడు రంజాన్.

బుల్లయ్య గుమ్మెట కొట్టాడు. రేకుడబ్బా కొట్టినట్టు మోగింది.

"చూశావా? మళ్లీ మింగేశాయి."

రంజాన్ పెద్ద బాక్సుల వెనక మూత విప్పి, తీగలు అటుదిటు మార్చాడు. "ఇప్పుడు కొట్టు."

మోత గుండెల్లో తగిలింది. పక్క కల్లంలో మిరపకాయల్ని టిక్కీ బస్తాల్లోకి తొక్కుతున్న కూలీలు తలలెత్తి చూశారు.

"నావి గాలిని ముందుకు నెడుతుంటే నీవి వెనక్కి లాగుతున్నాయి. తీగలు తిరగేసి అతికారు. నీ బాక్సులు ఒంటరిగా మోగినన్నాళ్లూ తెలియలేదు."

"ఎవడతికాడు?"

"ఎవర్ని ముట్టుకోనిచ్చావు బాబాయ్?"

బుల్లయ్య ఆ అతుకుల్ని చాలాసేపు చూశాడు. అవి తన చేతివే. సుబ్బరావమ్మ చేతిలో సత్తువ పోయిందని ఆనాడు జనంతో పాటు తానూ అన్నాడు.

"రేపటి కథకు నీ బాక్సులే పెట్టు. ఈ సంగతి మాత్రం నా ముందు ఎత్తకు. నేనూ ఎత్తను, చచ్చేదాకా."