అమాంతం

రేడియో స్టేషన్ తలుపు తోసుకుని గుట్ట మీద ఉండే ఆ ముసలాయన మళ్లీ వచ్చాడు.

"వచ్చాడమ్మా నీ అభిమాని!" అన్నాడు ఇన్‌చార్జి.

వార్తలు చదివే అమ్మాయి తల పట్టుకుంది. అభిమానా, పాడా! వచ్చినప్పుడల్లా తప్పులు పట్టడమే ఆయన పని.

"నిన్న ఏరు అమాంతం పెరిగిందన్నావు తల్లీ."

"పెరిగింది కదా తాతా."

"జానెడు పెరిగింది. దానికి అమాంతం దేనికి?"

"జానెడు అంటే ఎవరు వింటారు?"

చప్పటి వార్తంటే అమ్మాయికి ఒళ్లు మంట. ఆమె నోట ఎండ ఒక్కసారిగా ముదిరేది, వేడి దబ్బున పడిపోయేది, ఏరు సర్రున లేచేది. అన్నిటికన్నా ముద్దు మాత్రం అమాంతం. అది లేని రోజు వార్తలు చదివినట్టే ఉండేది కాదు.

"ఆ ఒక్క మాటా దాచుకో తల్లీ. నిజంగా కావలసిన రోజుకి అరిగిపోతుంది."

"అరిగిపోవడానికి మాటలేమన్నా చెప్పులా తాతా?"

ఇన్‌చార్జి పడీ పడీ నవ్వాడు. ముసలాయనా నవ్వేసి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి స్టేషన్లో ఆయన పేరు అమాంతం తాత.

ఆ వానల్లోనే ఓ సాయంత్రం, ఎగువన ఆనకట్ట తెగిందని ఫోన్ వచ్చింది.

అమ్మాయి గబగబా మైకు ముందు కూర్చుంది. ఏమనాలి? సర్రున అందామంటే మొన్ననే అనేసింది. ఒక్కసారిగా అని పొద్దున్నే అంది. తనకు తెలిసిన మాటలన్నీ ఊరికే ఖర్చు పెట్టేసింది.

"ఏరు అమాంతం పెరుగుతోంది," అంది. "నిజంగా... నిజంగానే అమాంతం. ఒడ్డు వీధి వాళ్లు లేచి వెళ్లిపోండి. మీకు దణ్ణం పెడతాను, వెళ్లిపోండి!"

అదే మాట చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది.

తెల్లారేసరికి ఒడ్డు వీధి నీళ్లలో ఉంది. జనం మాత్రం గుట్ట మీది బడిలో క్షేమంగా ఉన్నారని తెలిసింది. అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. పరుగున వెళ్లి, పిల్లకి తల తుడుస్తున్న ఒకావిడ పక్కన కూలబడింది.

"అక్కా, మేం రేడియో వాళ్లం. మా వార్త విని వచ్చేశారు కదూ?"

ఆవిడ మొహమాటపడింది.

"ఏమనుకోకమ్మా. ఆ వార్తల పిల్ల రోజూ అనేదే కదా అని ఊరుకున్నాం. నేనైతే కూర తాలింపు వేస్తున్నాను."

"మరి ఎలా వచ్చారు?" అంది.

"ఓ పెద్దాయన తలుపులు బాదాడు. ఆయన ఉండేది ఈ గుట్ట మీదే, నీళ్లతో ఆయనకేం భయం? అయినా పనిగట్టుకుని దిగొచ్చాడు. ఇంటింటికీ వచ్చి కేకలేశాడు."

అమ్మాయి చివాల్న లేచింది.

"ఆయనేరీ?"

ఆవిడ కళ్లొత్తుకుంది.

"చివరింట్లో మంచం పట్టిన మామ్మని ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు. తనెక్కేలోపే నీళ్లు లాక్కుపోయాయమ్మా."

అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. ఏడుపు తన్నుకొచ్చింది. మా అందరికీ వేళాకోళమైపోయాడే అనుకుని కుమిలిపోయింది.

"రేడియో మాటే నమ్మలేదు కదా, ఆయన మాటెలా నమ్మారక్కా?"

"నమ్మకేం చేస్తాం? 'వార్తలు చదివేది నా సొంత మనవరాలు, దాని గొంతులో భయం నాకు తెలీదా, లేవండి!' అన్నాడు," అంది ఆవిడ. "పాపం, తాత పోయిన సంగతి ఆ పిల్లకి ఎవరైనా చెప్పారో లేదో."