ఎదురు కరెంటు

"స్విచ్చి ఎవడ్రా వేసింది?"

గద్దె మీద నిలబడ్డ లైన్‌మన్ గావుకేక పెట్టాడు. అతని వీపు వెనక ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటోంది. క్షణం ముందు దాకా అది కిక్కురుమనలేదు.

"ఎవరూ వెయ్యలేదన్నా! హ్యాండిల్‌కి తాళం వేసే ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది," కింద నుంచి అరిచాడు తోడు వచ్చిన కొత్తాయన. బదిలీ మీద వచ్చి రెండు రోజులే అయింది.

"మరి ఇదెందుకు మోగుతోంది?"

ట్రాన్స్‌ఫార్మర్‌కి తన పర భేదం లేదు. లోపల ఇనప దిమ్మకి రెండు తీగచుట్లు ఉంటాయి. ఒకదానికొకటి తగలవు. ఒకదాంట్లో కరెంటు పారితే, ఇనుము పుణ్యమా అని రెండోదాంట్లోనూ పుడుతుంది. పైనుంచి వేల వోల్టులు వస్తే తగ్గించి ఇళ్లకి ఇస్తుంది. ఇళ్లవైపు నుంచి కాస్త ఎదురొస్తే, అంతే బుద్ధిగా వేలు చేసి పైకి పంపుతుంది. ఈ పనిలో కొంత కరెంటు ఉత్తపుణ్యానికి పోతుంది. ఇనుము వేడెక్కుతుంది, అదిరి మోగుతుంది. ఊళ్లో ఒక్క బల్బు వెలగకపోయినా ఆ దండగ తప్పదు. ఇవాళ ఆ దండగ మోతే వినపడకపోతే లైన్‌మన్ ఈపాటికి బొగ్గయిపోయేవాడు.

"ఎవడో వెధవ జనరేటర్ పెట్టాడు! మెయిన్ దించకుండా ఇంటి ప్లగ్గులో గుచ్చేశాడు!"

ట్రాన్స్‌ఫార్మర్‌ని పై లైనుకి కలిపే జంపర్ వైరు, అతను విప్పింది, అతనికీ నిచ్చెనకీ మధ్య వేలాడుతోంది. కింద ఫ్యూజు పెట్టె ముందు ఊగుతున్నదీ దాని కొసే. గాలికి జానెడు అటూ, జానెడు ఇటూ. దిగడానికి లేదు, పెట్టె తెరిచి ఫ్యూజులు పీకడానికీ లేదు.

"కదలకన్నా! నేను చూసొస్తా."

"తొందరగా రా తమ్ముడూ! గాలి పెరుగుతోంది."

కొత్తాయన జనరేటర్ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని పరుగెత్తాడు. లైన్‌మన్‌కి పై ప్రాణాలు పైనే పోతున్నాయి. కంట్లో చెమట పడినా తుడుచుకోలేదు. గాలి విసిరినప్పుడల్లా వైరు మోచేతి దాకా వచ్చి వెళ్తోంది.

ఉన్నట్టుండి మోత ఆగింది.

కాసేపటికి కొత్తాయన వగరుస్తూ వచ్చాడు. "ఆపేశానన్నా! ఇక ఎవడూ పెట్టలేడు."

ముందే చెయ్యాల్సిన పని లైన్‌మన్ అప్పుడు చేశాడు. ఎదురొచ్చే కరెంటు నేలలోకి పోయేలా మూడు తీగలకీ ఎర్త్ తగిలించాడు. అరగంటలో జంపర్ బిగించి, పని ముగించే దిగాడు. దిగుతూనే కొత్తాయన్ని వాటేసుకున్నాడు.

"నాకు పునర్జన్మ ఇచ్చావు తమ్ముడూ. ఎవరిల్లది? వాడి తాట తీస్తా."

"ఏమో అన్నా. వెనక సందులోంచి ప్రహరీ దూకాను. ముందు తలుపుకి తాళం. ఇంటావిడ పెట్రోలు కోసం వెళ్లిందట, పక్కింటివాళ్లు చెప్పారు. సరే, మెయిన్ దించుదామంటే అసలు మెయినే లేదు! పీకేసి డైరెక్టు కలిపేసుకున్నారు. ఎవడో మన లైనువాడు చేసిన పనే. ఒళ్లు మండి జనరేటర్ వైరే కోసి పారేశా."

లైన్‌మన్ నవ్వు సగంలో ఆగింది. "లోపల... ఎవరైనా ఉన్నారా?"

"మంచం మీద ఒక పెద్దావిడ ఉంది. పక్కనున్న ఆక్సిజన్ మిషన్ గొట్టం ముక్కుకి పెట్టుకుని, ఆపొద్దు ఆపొద్దని చెయ్యి ఊపుతూనే ఉంది. నోట మాట రాలేదు పాపం. గంటలో కరెంటు వస్తుందిలే అవ్వా అని చెప్పి వచ్చేశా," అన్నాడు కొత్తాయన చేతులు దులుపుకుంటూ. "అవునూ, ఆ గదిలో నీ ఫొటో ఎందుకుందన్నా?"