పట్టు తొడుగు

ఆ రోజుల్లో ఫోనుకు ఫోను తాకిస్తేనే పరిచయం, తాకిస్తేనే పిలుపు. నోటితో ఎంత పిలిచినా పిలవనట్టే లెక్క. అందుకే కామాక్షి, మనవరాలి అన్నప్రాసనకు పిలవడానికి మూడో అంతస్తులో గుమ్మం గుమ్మం తిరుగుతోంది. నాలుగిళ్ళ వాళ్ళకు నవ్వుతూ ఫోను తాకించింది. తాకిన ప్రతిసారీ రెండు ఫోన్లూ సన్నగా పులకరించాయి. ఐదో గుమ్మం ముందు ఆగి, సంచీలోంచి పట్టు తొడుగు తీసి తన ఫోనుకు తొడిగింది.

తలుపు దగ్గర నిలబడ్డ దీనమణి అదంతా చూస్తూనే ఉంది. ఊరి బావి దగ్గర తాతను దూరంగా నిలబెట్టి దోసిట్లో నీళ్ళు పోసేవారని నాన్న చెప్పేవాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమీ అనుకోకు దీనమణీ, మాకు కాస్త మడీ ఆచారం ఎక్కువ," అంది కామాక్షి, తొడుగుతోనే ఫోను చాపుతూ.

"అనుకోవడానికేముందండీ. ఒక్క నిమిషం ఉండండి."

దీనమణి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు దించే మసిగుడ్డలో తన ఫోనును చుట్టి తెచ్చింది.

"ఇప్పుడు తాకించండి," అంది. "మాకూ ఉందండీ మడి."